సూర్యబింబం మీద హబుల్ నీడ

2009 మే 13, ఫ్లోరిడాలో మిట్టమధ్యాహ్నం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఇంజనీరు తియెరి లెగో తన 5 అంగుళాల టెలిస్కోపును సూర్యుడికి గురిపెట్టి, చూపు గడియారం మీదే ఉంచాడు. చూసి బటన్ నొక్కుదామంటే కుదరదు. అట్లాంటిస్ స్పేస్ షటిల్ సూర్యబింబాన్ని ఒక్క సెకనులోపే దాటేస్తుంది. అందుకే కాస్త ముందు నుంచే వరసగా ఫొటోలు తీశాడు, ఒక్కోటి సెకనులో 8,000వ వంతు. వాటిలో రెండు నల్లటి మరకలు పడ్డాయి. పెద్దది అట్లాంటిస్, దాని పక్కన చిన్నది హబుల్ అంతరిక్ష టెలిస్కోపు. దాదాపు గంట తర్వాత వ్యోమగాములు షటిల్ యాంత్రిక హస్తంతో హబుల్‌ను ఒడిసిపట్టారు. దానికి జరిగిన చివరి మరమ్మతు అదే.

నేల మీంచి ఉపగ్రహాల వెంటపడే ఈ పిచ్చి ఔత్సాహికులకు కొత్తది కాదు. ఒక్క ఉపగ్రహమైనా ఎగరకముందే, 1956లో, అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ విపుల్ ‘మూన్‌వాచ్’ పేరుతో మామూలు జనాన్ని కూడగట్టాడు. వరసగా కూర్చుని చిన్న టెలిస్కోపుల్లో కన్నుపెట్టడం, చుక్క దాటగానే కేకేయడం, టైము రాసుకోవడం, ఇదీ వాళ్ల పని. 1957 అక్టోబరులో స్పుత్నిక్ ఎగిరేనాటికి ఉపగ్రహాల జాడ తీసే నిపుణుల బేకర్-నన్ కెమెరాలింకా సిద్ధం కాలేదు, వీళ్లు మాత్రం సిద్ధంగా ఉన్నారు. ఆ కెమెరాల్లో ఒకటి తర్వాత మన నైనిటాల్‌కూ వచ్చింది.

అప్పుడు చుక్కే. ఇప్పుడు ఆకారం దొరుకుతోంది. 109 మీటర్ల అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తున నడినెత్తికి వస్తే, టెలిస్కోపులో గురు గ్రహమంత కనిపిస్తుంది. కాకపోతే గురుడు కుదురుగా ఉంటాడు. ఇది సెకనుకు రెండు చందమామల వెడల్పు పరుగెడుతుంది. రాత్రయితే వెంటపడి వీడియో తీసి, వేల ఫ్రేముల్లో నిలకడగా వచ్చిన నాలుగైదు ఏరుకోవాలి. పగలైతే సూర్యుడి ముందు కాపు కాయాలి. అది సూర్యుణ్ని దాటుతూ కనిపించే మేర నేల మీద నాలుగైదు కిలోమీటర్ల వెడల్పే. పక్క ఊళ్లో నిలబడితే ఖాళీ సూర్యుడే మిగులుతాడు. ఖరీదైన కెమెరా కంటే సరైన లెక్కే ఇక్కడ గొప్పదని నా అభిప్రాయం.

2022 మార్చి 23న జర్మనీలోని సాంక్ట్ వెండెల్ నుంచి సెబాస్టియన్ వోల్ట్‌మెర్ తీసిన ఫొటోలో, కేంద్రం బయట పనిచేస్తున్న ఇద్దరు వ్యోమగాములు మసకగా దొరికారు. ఒకరు ఆ ఊరివాడే, మథియాస్ మౌరెర్. రెండో ఆయన రాజా చారి, తండ్రిది హైదరాబాద్.

ఆ కేంద్రం మన ఊళ్ల మీదుగానూ పోతుంది. సాయంత్రం చీకటి పడ్డాక, తెల్లవారుజామున ఉత్త కంటికే కనిపిస్తుంది. మొదలుపెడితే అక్కడే మొదలుపెట్టండి. సరైన సోలార్ ఫిల్టర్ బిగించకుండా మాత్రం టెలిస్కోపును సూర్యుడి వైపు తిప్పకండి, కన్ను పోతుంది.