పంట నుంచి పంట దాకా: తిరువూరు మెట్టలో సంసార నిర్వహణ చరిత్ర

పాత కృష్ణా జిల్లా ఉత్తరపు అంచున, ఖమ్మం సీమను ఆనుకుని ఉన్న తిరువూరు ప్రాంతంలో ఇల్లు చక్కబెట్టుకోవడమనే పనికి ఉన్న చరిత్రను అక్కడి నేల చరిత్ర నుంచి విడదీసి చూడడం సాధ్యం కాదు. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ ప్రాంతం ప్రధానంగా మెట్ట, అంటే కాలువ నీరు అందక వానలమీదా చెరువులమీదా ఆధారపడి పండే ఎత్తు నేల. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన తరువాత దిగువన ఉన్న డెల్టా గ్రామాలకు ఏటా నమ్మకంగా వరి చేతికందింది గాని, ఆ నీరు ఈ మెట్టకు ఎక్కలేదు. అందువల్ల డెల్టా ఇల్లాలికి ఒక సంవత్సరపు లెక్క సరిపోయిన చోట, మెట్ట ఇల్లాలు వాన తప్పే సంవత్సరాన్ని కూడా కలుపుకుని రెండేళ్ల లెక్క వేసుకోవలసి వచ్చింది. ఇక్కడ ఇంటి పొందికకు మొదటి కారణం అందం కాదు, శుభ్రత కూడా కాదు; సంక్రాంతికి ఇల్లు చేరిన గింజను మళ్లీ సంక్రాంతి దాకా, వీలైతే ఆ తరువాతి సంక్రాంతి దాకా నిలుపుకోవలసిన అవసరమే.

ఈ అవసరంలోంచే ఇంటి సామగ్రి అంతా రూపుదిద్దుకుంది. వెదురు తడికను గుండ్రంగా అల్లి, లోపలా బయటా పేడా మట్టీ కలిపి మెత్తి, నేల చెమ్మ తగలకుండా రాళ్లమీద నిలిపిన గాదె సంపన్న రైతు ఇంటికి గుర్తు. గడ్డిని లావైన తాడుగా పేని, ఆ తాడును చుట్లు చుట్లుగా పేర్చుకుంటూ మధ్యలో ధాన్యం పోసి, పైన గడ్డి కప్పి కట్టే పురి వాకిట్లోనే లేచేది. జొన్న వంటి మెట్ట పంటకు పాతర, అంటే నేలలో తవ్వి, గోడలకు గడ్డి పరిచి, గింజ నింపి, పైన మట్టి కప్పి మూసిన గొయ్యి, అన్నిటికంటే భద్రం. గాలి ఆడని ఆ చోట పురుగు బతకదు. అయితే పాతర తెరిచిన తరువాత గింజను త్వరగా వాడుకోవాలి గనుక ఎప్పుడు తెరవాలన్నది ఇంట్లో పెద్ద నిర్ణయంగా ఉండేది. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం, పప్పులలో వేపాకు వేయడం, విత్తనాల గింజలను బూడిదలో కలిపి కుండకు మూతి కట్టడం, గింజలు తీసిన చింతపండుకు ఉప్పు చేర్చి కుండలో అదిమిపెట్టడం ఇవన్నీ చేతి నుంచి చేతికి అందిన విద్యలు. పాలూ పెరుగూ పిల్లికి అందకుండా ఉట్టిమీదికి, ఏడాదికొకసారి వాడే గంగాళాలు అటకమీదికి, బట్టలూ కాగితాలూ భోషాణంలోకి, దీపం గోడగూటిలోకి చేరేవి. వస్తువుకొక చోటు ఉండడమన్నది ఆ చిన్న ఇళ్లలో ఒక నియమంగా నిలవడానికి కారణం, చీకట్లో చెయ్యి చాపినా కావలసినది దొరకాలన్న అక్కర.

కొలతలు ఈ వ్యవస్థకు వెన్నెముక. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. పొలంలోనూ కళ్లంలోనూ మగవారు పుట్లలో, తూములలో మాట్లాడుకుంటే, వంటింట్లో స్త్రీలు సోలల్లో, గిద్దెల్లో ఆలోచించేవారు; పుట్టిని గిద్దెలుగా విడగొట్టి మూడు వందల అరవై అయిదు రోజులకు పంచే గణితం పూర్తిగా వారిదే. చదువు రాని ఇళ్లలో పాల లెక్క గోడమీద సున్నపు గీతలుగా, చాకలికీ కుమ్మరికీ వడ్రంగికీ ఏటా కళ్లం దగ్గర ఇవ్వవలసిన ధాన్యపు వాటా, అంటే మేర, జ్ఞాపకంగా నిలిచేది. ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి రోజూ ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసే అలవాటు ఈ గణితానికి మరో మెట్టు. ఆ గుప్పెట్లో పొదుపు ఎంత ఉందో నిబ్బరమూ అంతే ఉంది: అకస్మాత్తుగా చుట్టం వచ్చినా, ఇంట్లో ఒకరు మంచం పట్టినా, ఎవరినీ అడగకుండా గడిచే రెండు పూటలు ఆ కుండలో ఉండేవి. మెట్ట ఇల్లాలి తృప్తికి చరిత్రకారుడు చూపగల గట్టి సాక్ష్యం ఇటువంటి కుండలే.

వేసవి సంవత్సరంలోకెల్లా బరువైన పని కాలం. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులను ఒక కార్తెగా లెక్కించే రైతు పంచాంగంలో, మే చివర వచ్చే రోహిణి కార్తె దాటి, జూన్ మొదటి వారం తరువాత మృగశిర వచ్చేలోగా ఆవకాయ, మాగాయ, వడియాలు, అప్పడాలు, ఒరుగులు ముగియాలి. ఒరుగులంటే మామిడి, గోరుచిక్కుడు వంటివాటిని ముక్కలు కోసి ఎండబెట్టినవి. వానాకాలంలో కూర దొరకని రోజులకు అవే ఆధారం. చిన్న రసాలకూ బంగినపల్లికీ పేరుపడిన నూజివీడు తోటలు ఈ ప్రాంతానికి దగ్గరలోనే ఉన్నాయి, తిరువూరు చుట్టూ కూడా మామిడి విస్తారంగా పెరుగుతుంది. అయినా ఊరగాయకు తినే పండు పనికిరాదు. పీచూ పులుపూ ఉండి, టెంక గట్టిపడిన కాయే కావాలి. కాయను తుడిచి ఆరబెట్టడం, టెంకతో సహా కొట్టించడం, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె పాళ్లు కుదర్చడం, మూడో రోజున తిరగకలపడం, జాడీకి గుడ్డ కట్టడం, వీటిలో ఏ ఒక్కచోట తడి తగిలినా సంవత్సరపు శ్రమ బూజు పడుతుంది. నాలుగిళ్ల స్త్రీలు ఒక ఇంట చేరి ఈ పని చేసుకోవడం వల్ల శ్రమతోపాటు బాధ్యతను కూడా పంచుకున్నట్లయింది. పత్రికలూ పాఠ్యపుస్తకాలూ రాకముందు గృహవిజ్ఞానం నేర్పిన బడి అదే.

ఈ వర్ణన గాదె ఉన్న ఇళ్లకు చెందినదన్న సంగతి మరువరాదు. జమీందారీ గ్రామాలు ఎక్కువగా ఉన్న ఈ తాలూకాలో, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా పండించినవారిలో చాలామందికి భూమిమీద గట్టి హక్కు లేదు; ఆ చట్టం తరువాత కూడా చాలా కూలి కుటుంబాలకు సెంటు భూమి దక్కలేదు. పెద్ద ఇంటి గాదెలోని వడ్లను రోకటితో దంచి బియ్యం చేసినది కూలి స్త్రీలే. వారికి ముట్టినది కొంత గింజా, నూకా, తవుడూ. వారి ఇంట్లో రెండు కుండలూ ఒక చాటా మాత్రమే ఉన్నా, సాయంత్రం తెచ్చిన గింజను ఆ పూటకూ మరునాటి గంజికీ విడదీసే క్రమం ఏ గాదె యజమానురాలి క్రమానికీ తీసిపోదు. అక్కడ ప్రణాళిక ఏడాదికి కాదు, రోజుకు. అందుకే అది మరింత కఠినమైనది, మరింత గౌరవించదగినది. తెలుగు గృహజీవన రచనలలో ఈ ఇళ్లు కనిపించకపోవడం పెద్ద లోటు.

పంతొమ్మిదో శతాబ్దపు చివర అచ్చు పుస్తకం ఈ విద్యలోకి ప్రవేశించింది. కందుకూరి వీరేశలింగం 1883లో స్త్రీల కోసం 'సతీహితబోధిని' పత్రికను ప్రారంభించారు. గృహజీవనాన్ని చక్కదిద్దే చదువుకున్న స్త్రీని 'సత్యవతీ చరిత్రము'లో చిత్రించారు. 1902లో సత్తిరాజు సీతారామయ్య ప్రారంభించిన 'హిందూసుందరి' పత్రికలో స్త్రీలే వ్యాసాలూ కథలూ రాశారు. వారిలో భండారు అచ్చమాంబ తిరువూరు మెట్టకు పొరుగునే, మునేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలులో 1874లో పుట్టారు. 1902లో ఆమె రాసిన 'ధనత్రయోదశి' పేద గుమస్తా సంసారపు కథ. పండుగనాటి లేమి భర్తను తప్పుదారి వైపు నెట్టినప్పుడు భార్య అతన్ని నిలబెడుతుంది. ఆనాటి ఉపదేశ రచనలలో తృప్తి స్త్రీ అలవరచుకోవలసిన అణకువగా కనిపిస్తే, అచ్చమాంబ కథలో అది ఇంటి నడతను నిర్ణయించే శక్తిగా కనిపిస్తుంది. మెట్ట ఇళ్లలో సరుకు లెక్క చూసిన స్త్రీల అనుభవానికి ఈ రెండో దృష్టే దగ్గరది. 1928లో మద్రాసు నుంచి డాక్టర్ కె.ఎన్. కేసరి వెలువరించిన 'గృహలక్ష్మి' ఈ రచనను మరింత విస్తృతం చేసింది.

వంటింటి శ్రమను శాస్త్రంగా చూసే ప్రయత్నం అదే కాలంలో ఐరోపాలోనూ సాగింది. 1926లో మార్గరెటె షూటె-లిహోట్స్కీ రూపొందించిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది, అడుగులు లెక్కించి అరలు అమర్చిన నమూనా. తెలుగు దేశంలో సమస్య అడుగులది కాదు, పొగది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్.పి. రాజు 1950ల మొదట్లో మట్టితోనే కట్టగల, గొట్టం ద్వారా పొగ బయటికి పోయే పొయ్యిని రూపొందించి, దాని వివరాలను 1953లో పుస్తకంగా ప్రకటించారు. ఒకే మంటమీద పలు గిన్నెలు ఉడికించే ఆ పొయ్యి వంటచెరకునూ కళ్లనూ కాపాడగలది. కోట్ల వంటిళ్లలో వ్యాపించవలసిన ఆ పనికి దక్కవలసిన ఆదరణ దక్కలేదు.

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ నీరు విడుదలైంది. ఆ తరువాతి కాలంలో ఎడమ కాలువ తిరువూరు మెట్టను తాకింది, కాని ఇది కాలువ చివరి ఆయకట్టు కావడంతో నీటి నమ్మకం పూర్తిగా కుదరలేదు. దానికంటే లోతైన మార్పు పంటలలో వచ్చింది. పత్తి, మిరప, మామిడి వంటి అమ్మకపు పంటలు పెరిగిన కొద్దీ సంవత్సరపు ఫలితం గింజగా కాక నోటుగా ఇల్లు చేరింది. గాదె తాళం ఇల్లాలి కొంగున ఉండేది గాని, మార్కెట్టు యార్డులో చేతికందిన డబ్బు మగవాడి జేబులో ఉండేది. దంపుడు స్థానంలో బియ్యపు మిల్లు, కుంచం స్థానంలో కిలో, మేర స్థానంలో రొక్కం వచ్చాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం రావడంతో పేద ఇంటి లెక్క నెలవారీ అయింది. కూలి ఇళ్లలో ఆకలి భయాన్ని అది తగ్గించిన తీరు చిన్నది కాదు. 1999లో ప్రారంభమైన దీపం పథకం గ్యాసు పొయ్యిని పేద స్త్రీల పేరిట తెచ్చింది. శ్రమ తగ్గింది, పొగ తగ్గింది. సరుకుమీద ఇల్లాలికి ఉండిన పాత అధికారం మాత్రం వీటితో తిరిగి రాలేదు.

ఆ అధికారాన్ని స్త్రీలు మరోచోట వెతికారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి రగిలిన సారా వ్యతిరేక పోరాటం వెనుక, కూలి డబ్బు ఇల్లు చేరకముందే ఖర్చయ్యే దుఃఖం ఉంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. ఆ ఊపులో రోజుకొక రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు ఊరూరా లేచాయి. ఎసటి బియ్యంలోంచి తీసిన గుప్పెడుకు ఉన్న తర్కమే వీటిలోనూ ఉంది. ఒక్కొక్క ఇంటి కుండలో ఉండే నిల్వ పదిమంది స్త్రీల ఉమ్మడి పద్దులోకి, బ్యాంకు పుస్తకంలోకి మారింది. ఇక నేలమీది హక్కు సంగతి: హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేసిన సవరణ, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు కుమారుడితో సమానంగా పుట్టుకతోనే వాటా ఇచ్చింది. అప్పటికే పెళ్లయిన కుమార్తెలకు అది వర్తించలేదు. దేశమంతటికీ సమాన హక్కు కల్పించిన సవరణ 2005లో గాని రాలేదు.