ఏడవనాటి చెమట

వృద్ధగౌతమి యొడ్డున నున్న ఐ.పోలవరము, మురమళ్ళ, ఎదుర్లంక మొదలగు గ్రామములనుండి రోగిని యానామునకో కాకినాడకో చేర్పవలెనన్నచో రేవులో పడవకొఱకు కాచుకొనక తప్పని కాలమున, వణకుతో మొదలై, ప్రక్కలో పోటును ఇటుకపొడి రంగు కఫమును వెంటబెట్టుకొని వచ్చు జ్వరమును జనులు సన్నిపాతమనుచుండిరి. ఆ పేరున మఱికొన్ని జ్వరములును కలగలిసి యుండెననుట నిజమే. లంఖణము పరమౌషధమని నమ్మి రోగికి అన్నము మాన్పించి, ఉప్పుమూటతో కాపడము పెట్టి, చేతులు చల్లబడినప్పుడు కస్తూరి మాత్రను తేనెలో రంగరించి నాలుకకు రాచి, ఇంటివారు దినములు లెక్కించుచుండిరి. ఏడవనాటికో తొమ్మిదవనాటికో ఒడలెల్ల చెమట పట్టి జ్వరము దిగినచో మనుష్యుడు దక్కెను, లేనిచో లేదు.

ఈ దినముల లెక్కను పల్లెటూరి యజ్ఞానమని నవ్వుటకు వీలులేదు. పాశ్చాత్య వైద్యులును ఆ దినమునకే ఎదురుచూచుచుండిరి. ఆ గడువులో శరీరము తనంతట తాను సూక్ష్మజీవికి విరుగుడును తయారుచేసికొనుటయే ఆ చెమటకు కారణము.

ఈ జ్వరమునకు, అనగా న్యుమోనియాకు, కారణమైన సూక్ష్మజీవి తెలియుట మాత్రము మందుకంటె ముందే జరిగినది. 1881లో ఫ్రాన్సున పాశ్చరును, అమెరికాలో స్టెర్న్‌బర్గును వేర్వేరుగా న్యూమోకాకసును కనుగొనిరి. 1884లో బెర్లినున గ్రామ్ అను వైద్యుడు న్యుమోనియాతో మరణించినవారి ఊపిరితిత్తుల ముక్కలకు రంగు పట్టించుచు కనిపెట్టిన పద్ధతియే నేటికిని ప్రయోగశాలలలో నడచుచున్నది. గొంతులో అణగియుండు ఈ జీవి, వేఱొక జబ్బు దేహమును క్రుంగదీసినప్పుడు లోనికి దిగి గాలితిత్తులను రసితో నింపును. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో పెక్కుమందిని చంపినది ఈ వెనుకరాకయే.

మందు రాక మాత్రము అర్ధశతాబ్ది ఆలస్యమయ్యెను. 1938లో సల్ఫాపిరిడిన్ మాత్రలును, పిమ్మట పెన్సిలినును వచ్చినవి. కాని తొలినాటి పెన్సిలినును మూడేసి గంటలకు సూదితో ఎక్కింపవలసి యుండుటచే, ఏటికావల వైద్యుడున్న గ్రామమునకు అది యున్నను లేనట్లే. కావుననే, భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యము వహించుచుండగా, డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరిలోని ఒక పొలపు మట్టినుండి రాబట్టిన ఆరియోమైసిను అను మందు నోట మ్రింగదగినది యగుటను నేను గొప్ప సంగతిగా నెంచుదును. అది లోకమునకు వెల్లడియైన 1948లోనే సుబ్బారావు కన్నుమూసెను.

పిమ్మట వైద్యమును చేరువయయ్యెను: కాకినాడ రంగరాయ వైద్యకళాశాల 1958లో వెలసెను. ఎదుర్లంకకును యానామునకును నడుమ నేడు బాలయోగి వారధి గలదు. 2021 నాటికి న్యూమోకాకసు టీకా దేశమంతటి శిశువులకును విస్తరించెను. ఈ జబ్బుతో డొక్కలెగురవేయు పసిబిడ్డ పొట్టపై వాతలు పెట్టిన పూర్వాచారమును నేను సమర్థింపజాలను. పుండు తప్ప దానివలన ఒరిగినదేమియు లేదు. అయినను డొక్కల నెగురుటను ఆపదగా గుర్తించిన అవ్వల కన్ను పొరబడలేదు: ఈనాటి ఆరోగ్య కార్యకర్తలును బిడ్డ చొక్కా ఎత్తి అదియే చూచుచున్నారు, నిమిషముపాటు శ్వాసలు లెక్కించుచున్నారు, రెండు నెలలు నిండి యేడాది నిండని బిడ్డకు ఆ లెక్క 50 చేరినచో అమాక్సిసిలిన్ ఆరంభింపవలసినదే.