లాక్రోస్ క్రీడ - విద్యార్థుల పెత్తనము



2023వ సంవత్సరము అక్టోబరు నెలలో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారు ముంబయి నగరమున సభ జరిపి, 2028లో లాస్ ఏంజిలిస్ నగరమున జరుగవలసిన క్రీడోత్సవములలో క్రికెట్టును చేర్చుటకు నిర్ణయించిరి. ఈ వార్త మన పత్రికలలో పెద్ద యక్షరములతో పడినది. క్రికెట్టుతోబాటు లాక్రోస్ అను మఱియొక యాటయు ఆ సభలోనే చేర్చబడినది. 1904లోను, 1908లోను ఒలింపిక్ పతకములకై ఆడబడిన యాట, నూట యిరువది యేండ్లకు మరల ఆ పంక్తిలో గూర్చుండబోవుచున్నది. అయినను దాని పేరు మనలో విన్నవారు తక్కువ.

నేను ఆ యాటలోని నేర్పును వర్ణింప బూనుకొనలేదు. అమెరికా దేశపు కళాశాలలలో పందొమ్మిది, ఇరువది యేండ్ల విద్యార్థులు ఈ క్రీడను తమంతట తామే నడుపుకొను విధమును, ఆ పెత్తనము వారిచేతికి వచ్చి, పోయి, మరల వచ్చిన చరిత్రను మాత్రమే మనవి చేసెదను. దేవాలయపు నిధినో, భజనసమాజపు చందానో చూచిన మీకు ఈ కథ క్రొత్తగా దోపదని నా నమ్మకము.

ఆట స్వరూపమును రెండు మాటలలో జెప్పెదను. మైదానమునకు రెండు కొనలను ఆఱడుగుల వెడల్పు, ఆఱడుగుల యెత్తు గల చట్రములుండును. పురుషుల యాటలో పక్షమునకు పదుగురు. ప్రతివాని చేతను కొనయందు వల గట్టిన కఱ్ఱ యుండును. రబ్బరు బంతిని ఆ వలతో బట్టి, పరుగెత్తుచు, తోడివానికి విసరుచు, ఎదిరివారి చట్రములో వేయవలెను. బంతి గట్టిది, దెబ్బ పెద్దది. కావున తలకు హెల్మెట్టు, చేతులకు తొడుగులు లేక యెవ్వరును బరిలో దిగరు.

ఇది ఐరోపావారు కల్పించిన యాట గాదు. ఉత్తర అమెరికా ఆదివాసుల సొత్తు. ఫ్రెంచివారు ఇరొక్వాయి లని పిలిచిన హౌదెనొషౌని జాతులవారు దీనిని సృష్టికర్త తమకిచ్చిన క్రీడగా నేటికిని భావింతురు. 1636లో జాన్ ద బ్రెబూఫ్ అను ఫ్రెంచి పాదిరి హ్యూరను జాతివారి నడుమ నుండి వ్రాయుచు, రోగి స్వస్థతకై వారి వైద్యుడు ఈ యాటను విధించుట కలదని తెలిపెను. జార్జి కాట్లిన్ అను చిత్రకారుడు 1834లో చాక్టా జాతివారి యిట్టి బంతియాటనే చూచెను. వారు చేతికొక కఱ్ఱ చొప్పున రెండు కఱ్ఱలతో ఆడుదురు. ఆటకు ముందునాటి రాత్రి పందెమొడ్డిన వస్తువులన్నియు ఒకచోట బెట్టి కావలి యుంచిరనియు, వృద్ధులు నలుగురు మైదానము నడుమ గూర్చుండి మఱునాటి యాటకు తీర్పరులై రనియు అతడు వ్రాసెను. వందలకొలది యువకులు పరుగెత్తుటకు ముందే, పరుగెత్తని కొందఱు సొత్తును, న్యాయమును తమ బాధ్యతగా వహించి కూర్చుండిరి. నేటి నా కథ యీ రెండవ తెగవారిని గుఱించినది.

కెనడా దేశములో మాంట్రియల్ నగరపు దంతవైద్యుడు విలియం జార్జి బీర్స్ 1867 ప్రాంతమున ఈ యాటకు నియమములు వ్రాసి, సంఘము నేర్పఱచుటకు తోడ్పడెను. నియమములతోబాటు పెత్తనమును చేతులు మాఱినది. 1880లో ఆ సంఘము ధనము పుచ్చుకొని యాడువారికి ప్రవేశము లేదని శాసించెను. దూరపు పల్లెలనుండి ప్రయాణపు ఖర్చు పుచ్చుకొని వచ్చి యాడు ఆదివాసులు దానిచే వెలియైరి. ఆటను కన్నవారే ఆటకు పరులైరి. లెక్కల బల్లవద్ద కూర్చుండినవాడు వ్రాయు ఒక్క పంక్తి ఎంతటి యన్యాయమునకు కారణము కాగలదో దీనివలన తెలియును.

ఇక కళాశాలల మాట. అమెరికాలో కళాశాలల నడుమ పందెములు మొట్టమొదట అధ్యాపకులు పెట్టినవి గావు. 1852లో హార్వర్డు, యేలు విద్యార్థులు న్యూహాంప్‌షైరు సీమలోని విన్నిపెసాకీ సరస్సుపై పడవపందెము జరుపుకొనిరి. వారి ఖర్చులను భరించినది ఒక రైలు కంపెనీ. తన బండ్లకు జనము రావలెనని దాని కోరిక. 1877లో న్యూయార్కు విశ్వవిద్యాలయపు విద్యార్థులు మాన్‌హట్టన్ కళాశాలవారితో లాక్రోస్ ఆడిరి. అమెరికా కళాశాలల మధ్య జరిగిన మొదటి లాక్రోస్ పందెముగా దానినే చెప్పుదురు. 1881లో పలు కళాశాలలు కూడి పోటీ పెట్టగా, కడపటి యాటలో హార్వర్డు ప్రిన్స్‌టనును మూడు గోళ్లతో ఓడించెను. ఆ కాలమున పందెపు దినము నిర్ణయించుట, చందాలు వసూలు చేయుట, సామగ్రి కొనుట, కెప్టెనును ఎన్నుకొనుట సర్వమును విద్యార్థులదే. ఆటలో మేటియైనవాడు కెప్టెను, లెక్కలో మేటియైనవాడు మేనేజరు.

ఈ స్వాతంత్ర్యము చిరకాలము నిలువలేదు. కళాశాలల ఫుట్‌బాలు పందెములకు వేలకొలది జనము రాసాగిరి. ధనము పెరిగినది. గెలుపునకై చదువని వారినిగూడ జట్టులో చేర్చుకొనుట జరిగినది. 1905లో ఆ యాటలో యువకులు అనేకులు మరణించిరి. అప్పటి అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు పెద్ద కళాశాలల ప్రతినిధులను పిలిపించి మందలించెను. ఆ సంవత్సరాంతమున న్యూయార్కు విశ్వవిద్యాలయాధిపతి హెన్రీ మెక్రాకెన్ అనేక కళాశాలలను సమావేశ పఱచెను. దాని ఫలముగ 1906లో ఒక సంఘము పుట్టి, 1910లో జాతీయ కళాశాలల క్రీడాసంఘమను పేరు దాల్చెను. పిదప పెద్ద జట్లన్నియు జీతగాండ్రయిన అధికారుల పాలన క్రిందికి వచ్చెను. విద్యార్థి ఆడువాడుగా మిగిలెను. ఏలుబడి పోయినది.

అయితే ప్రతి విశ్వవిద్యాలయమును ప్రతి యాటకును ధనమీయలేదు. లాక్రోస్ జట్టును పోషింపని విశ్వవిద్యాలయము లెన్నో కలవు. అట్టిచోట ఆటయందు మక్కువ గల విద్యార్థులు తామే సంఘములుగా నేర్పడిరి. ఇట్టి పురుష జట్లు 1997 నుండి జాతీయ స్థాయిలో పోటీలు జరుపుకొనుచున్నవి. 2006లో పురుషుల కళాశాల లాక్రోస్ సంఘము ఏర్పడినది. స్త్రీలకును వేఱుగ సంఘము కలదు. ఇందు సర్వభారమును మరల విద్యార్థులపై బడినది. ఆ భార మెట్టిదో కొంచెము వివరించెదను.

వసంతకాలపు పందెములు ముగియు వేళకు తఱచుగా ఎన్నిక జరుగును. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కోశాధికారి, కార్యదర్శి అనువారు ఎన్నుకొనబడుదురు. అధ్యక్షుడు విశ్వవిద్యాలయపు క్రీడాకార్యాలయమువారితో మాటలాడి మైదానమునకు గంటలు సంపాదింపవలెను. అదే మైదానమును రగ్బీవారును అడుగుదురు, సాకరువారును అడుగుదురు. రాత్రి పది గంటలకు దీపములక్రింద ఆడుకొనుటకు దొరకినను భాగ్యమే. కార్యదర్శి ప్రతివాడును పూర్తిగా చదువుచున్న విద్యార్థియే యని పత్రములు సమర్పింపవలెను. అర్హత లేనివాడొకడు ఆడెనా, గెలిచిన పందెములు చేజాఱును.

కోశాధికారి పని యన్నిటికంటె కఠినము. విశ్వవిద్యాలయ మిచ్చు సొమ్ము కొంచెము. తక్కినది ఆటగాండ్ర చందాలనుండి రావలెను. కొన్ని సంఘములలో ఇది సంవత్సరమునకు వేల డాలర్లు. రిఫరీల వేతనము, బస్సుల బాడుగ, బసల ఖర్చు, బంతులు, భీమా, శిక్షకుని జీతము అన్నియు దానినుండియే. తోడివిద్యార్థులలో ఎవడు చందా కట్టలేకున్నాడో కోశాధికారికి తెలియును. ఆ సంగతి పైకి పొక్కనీయక, వాయిదాలు వేసియో, పాత విద్యార్థులనడిగి సహాయము తెచ్చియో అతనిని నిలుపవలెను. కట్టగలిగియు కట్టనివానిని కఠినముగ అడుగవలెను. ఆ యిద్దఱును అతనితో ఒకే గదిలో నిదురించువారే కావచ్చును.

శిక్షకుని విషయము మఱియు చిత్రము. చాలచోట్ల అతనిని వెదకి తెచ్చి కుదుర్చువారు విద్యార్థులే. మైదానములో అతడు గురువు, వీరు శిష్యులు. కార్యాలయములో వీరు వేతనమిచ్చువారు, అతడు పుచ్చుకొనువాడు. సాయంకాలము అతడు "నీ వీపందెములో కూర్చుండుము" అనినచో, ఉదయము అతని జీతపు కాగితముపై చేవ్రాలు చేసినవాడు తలవంచి కూర్చుండవలెను. ఆ రెండు స్థానములను కలిపివేసిన నాడు సంఘము చెడును.

తలకు దెబ్బ తగిలినవాడు వైద్యుని యనుమతి లేక మరల ఆడరాదు. వాడు జట్టులో మేటి కావచ్చును, మఱునాడు పెద్ద పందెము కావచ్చును. "నీవు రావలదు" అని చెప్పవలసిన నోరు ఇరువది యేండ్ల స్నేహితునిది. 

ఇంతకంటెను పెద్ద గండము అప్పగింత. కళాశాల చదువు నాలుగేండ్లు. పని నేర్చినవాడు నేర్చిన యేడాదికే వెడలిపోవును. బ్యాంకు ఖాతా యెవరి పేర నున్నది, హెల్మెట్లు ఎన్ని, ఏ హోటలునకు ఎంత బాకీ, ఏ పాత విద్యార్థి యెంత యిచ్చెను, ఇవి వ్రాతలో లేనిచో క్రొత్తవాడు చీకటిలో తడవుకొనును.

ఈ సందర్భమున నా తప్పొకటి చెప్పుకొనెదను. నేను పాఠశాలలో ఆటల నిధి చూచుచుండగా బదిలీ వచ్చినది. తొందరలో నగదును పైసలతో లెక్కించి క్రొత్త ఉపాధ్యాయున కిచ్చితిని గాని, బంతులకై దుకాణములో పెట్టిన యప్పు మాట చెప్పనైతిని. కొన్ని నెలల పిదప దుకాణదారు నలుగురిలో ఆయనను నిలవేసెను. పాపము, ఆయన తన జీతమునుండి తీర్చెను. నాకు తెలిసి సొమ్ము పంపితిని. సొమ్ము చేరెను గాని, ఆ నలుగురిలో పోయిన ఆయన మాటను నేను తెచ్చి యీయలేకపోతిని. నాయందు దొంగతనము లేదు, అశ్రద్ధ కలదు. నష్టపడినవానికి ఆ రెంటికిని భేద మేమి?

విద్యార్థుల నిర్వహణము ఎంతవఱకు పోగలదో మిచిగన్ విశ్వవిద్యాలయము తెలుపును. అచ్చటి పురుషుల లాక్రోస్ క్లబ్బు 2008, 2009, 2010లలో వరుసగ మూడుమాఱులు తన సంఘపు జాతీయ విజేత యయ్యెను. దానిని జూచి విశ్వవిద్యాలయము 2011లో ఆ యాటను తన పూర్తి పోషణలోనికి తీసికొనుటకు నిశ్చయించి, 2012 నుండి జీతపు అధికారులతో నడుపుచున్నది. ఇది గౌరవమే. కాని చందా వసూలు చేయుట, బస్సు కుదుర్చుట, లెక్క వ్రాయుట అను పాఠములు ఆ జట్టులోని పిల్లలకు ఇక లేవు. లాభమునకు వెల యున్నది.

మన యూళ్ల పిల్లలెందఱో నేడు అమెరికా విశ్వవిద్యాలయములలో చదువుచున్నారు. వారు లాక్రోస్ ఆడినను ఆడకున్నను, అచ్చట ఏదో యొక విద్యార్థి సంఘమున చేరుదురు. మీతో మాటలాడునప్పుడు "పందెము గెలిచితివా?" అని అడుగుడు, తప్పులేదు. దానితోబాటు "లెక్క యెవరు చూచుచున్నారు? వచ్చుయేటి వానికి వ్రాసి యిచ్చుచున్నారా?" అనియు అడుగుడు. ఊరిలో యువకులు సంఘము పెట్టెదమని మీ దీవెనకు వచ్చినప్పుడును ఈ ప్రశ్నలనే వేయుడు. చాక్టా వృద్ధులవలె మీరు మైదానము నడుమ గూర్చుండనక్కఱలేదు. సంవత్సరమున కొక్కసారి వారి లెక్కల పుస్తకమును తెప్పించి, చదివించుకొని, క్రొత్తవాని చేతికి మీ యెదుటనే యిప్పించినచో చాలును.