హాకీ నాయకుడు జైపాల్ సింగు

ఒక సంఘమున విద్యావంతుడొకడు బయలుదేరినపుడు, ఆ విద్య యాతనిదేనా, సంఘమునకు గూడ నందు భాగము కలదా యను ప్రశ్న పుట్టుచుండును. మన మహాసభలలో విద్యార్థి వేతనములకై చందాలు వ్రాయించునపుడు దాతలును దీనినే యడుగుచుందురు. ఈ ప్రశ్నకు తన జీవితముచేతనే యుత్తరమిచ్చిన యొక మహనీయుని చరిత్రము నిచ్చట సంగ్రహముగా విన్నవించెదను. ఆయన మన సంఘమువాడు కాడు. మన భాష మాటలాడినవాడును కాడు. అయినను గుణము గ్రహింపవలసినచోట నది యెవ్వరిదని విచారింప బనిలేదు.

జైపాల్ సింగు 1903వ సంవత్సరము జనవరి 3వ తేదీన రాంచీ ప్రాంతమందలి టక్రా గ్రామమున ముండా యను ఆదివాసి తెగలో జన్మించెను. రాంచీలోని సెయింట్ పాల్స్ పాఠశాలలో చదువుచుండగా, నచ్చటి ప్రధానోపాధ్యాయుడగు కాస్‌గ్రేవ్ దొర బాలుని ప్రజ్ఞను గుర్తించి యింగ్లండునకు దోడ్కొనిపోయెను. అచ్చట నాతడు ఆక్స్‌ఫర్డులోని సెయింట్ జాన్స్ కళాశాలలో నర్థశాస్త్రము చదివి పట్టభద్రుడయ్యెను. హాకీ క్రీడలో 'బ్లూ' యను గౌరవమును బడసెను. విశ్వవిద్యాలయము పక్షమున నాడినవారికే యది లభించును. ఆయన స్థానము ఫుల్‌బ్యాక్. అనగా తమ గోలునకు ముందు నిలిచి యెదిరిపక్షమువారి దాడి నడ్డుట. గోలు కొట్టినవానిని లోకము కొనియాడును, అడ్డినవానిని మరచును. అట్టి పని యాయనది.

ఐ. సి. యస్. ఉద్యోగమునకు ఎన్నికై ఇంగ్లండులో శిక్షణ పొందుచుండగా, 1928లో ఆంస్టర్‌డాం ఒలింపిక్ క్రీడలకు భారత హాకీజట్టు నాయకత్వ మాయనకు లభించెను. సెలవు కోరగా నధికారులు నిరాకరించిరి. ఆయన సెలవు లేకయే పోయెను. భారతజట్టు ఆస్ట్రియాను 6, బెల్జియమును 9, డెన్మార్కును 5, స్విట్జర్లండును 6, తుదకు మే 26వ తేదీన హాలండును 3 గోలులతో నోడించి స్వర్ణపతకము గైకొనెను. ఈ యైదాటలలో మన గోలులోనికి బంతి యొక్కమారైనను పోలేదు. మొత్తము 29 గోలులలో 14 ధ్యాన్‌చంద్ కొట్టినవి. అంత్యక్రీడలో జైపాల్ సింగు ఆడలేదు. ఎరిక్ పిన్నిగర్ నాయకత్వము వహించెను. అయినను హాకీలో దేశమునకు ప్రథమ స్వర్ణపతకము దెచ్చిన జట్టునకు నాయకుడనెడి కీర్తి యాయనకు శాశ్వతమయ్యెను.

తిరిగివచ్చిన పిమ్మట శిక్షణను మరియొక యేడు పొడిగింపవలెనని యధికారులు విధింపగా, నాయన యా యుద్యోగమునే విడిచెను. పిదప గోల్డుకోస్టు, అనగా నేటి ఘానా దేశమున, అచిమోటా కళాశాలలోను, రాయపురమున రాజకుమార కళాశాలలోను అధ్యాపకత్వము నెరపెను. బికనీరు సంస్థానమున గూడ కొలువుచేసెను.

1939లో రాంచీయందు ఆదివాసి మహాసభ యాయనను అధ్యక్షునిగా వరించెను. అంతటినుండి యాయన విద్య తనవారి సొత్తయ్యెను. 1946 డిసెంబరులో రాజ్యాంగసభయందు నిలిచి, అడవివాడనిపించుకొనుట తనకు గర్వకారణమనియు, ప్రజాస్వామ్యమును ఆదివాసులకు నేర్పవలసిన పనిలేదు, వారివద్దనే నేర్వవలెననియు బలికెను. తరువాత ఝార్ఖండ్ పార్టీని నడపి, 1952 మొదలు మరణపర్యంతము లోకసభ సభ్యుడుగా నుండెను. 1963లో నా పార్టీని కాంగ్రెసులో విలీనము చేయగా ననుచరులు పెక్కుమంది నొచ్చుకొనిరి. పెద్దల చరిత్ర వ్రాయునపుడు దీనిని దాచుట ధర్మముకాదు. 1970 మార్చి 20వ తేదీన ఢిల్లీలో పరమపదించెను. ఆయన కోరిన ఝార్ఖండ్ రాష్ట్రము 2000 నవంబరు 15వ తేదీన నేర్పడెను.

కాస్‌గ్రేవ్ దొర చేయూత నిచ్చినది యొక్క బాలునకే. ఆ బాలు డా ఋణమును తిరిగి దొరకు గాక, చదువు నోచుకొనని వేలాది తనవారికి దీర్చెను. విద్యాఋణము దీర్చు మార్గ మిదియే. కావున దాతలారా, మీ ధనముచే జదివిన పిల్లవాడు మీకేమి చేసెనని లెక్క చూడకుడు. వెనుకనున్నవారి కేమి చేసెనని చూడుడు. విద్యార్థులారా, మీరు నడిగించుకొనక మునుపే యా లెక్క యొప్పజెప్పుడు. మన వసతిగృహముల ప్రక్కన నొక ఆటస్థలము గూడ నుండవలెనని నా విన్నపము. గోలు ముందు నిలిచి తనవారిని గాచుట జైపాల్ సింగు నేర్చినది అట్టి చోటనే గదా!