గాలివాటు విహారం

క్రూయిజ్ ఓడకు టికెట్టు కొన్నవాళ్ల చేతికి వచ్చే కాగితంలో ఏ రోజు ఏ రేవు, ఎన్నింటికి చేరతారు, ఎన్నింటికి బయల్దేరతారు, అన్నీ గంటలు, నిమిషాలతో సహా అచ్చయి ఉంటాయి. గాలి ముదిరింది, ఫలానా రేవులో ఆగడం లేదని కెప్టెన్ మైకులో చెప్పగానే, ఇస్తామన్న దాన్ని ఎగ్గొట్టారని ప్రయాణికులు గింజుకుంటారు. వాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గదే. అయితే ఈ వ్యాపారం పుట్టుపూర్వోత్తరాలు తిరగేస్తే, దాన్ని పుట్టించింది చెడు వాతావరణమేనని తెలుస్తుంది. ఓడ మీద రోజు గడిచే తీరు కూడా, అంటే ఆటలు, నాట్యాలు, ఉపన్యాసాలు, పూటపూటా విందులు, రేవు అందని రోజుల కోసం కుదురుకున్న ఏర్పాటేనని నా వాదన.

హాంబర్గ్-అమెరికా ఓడల కంపెనీని నడిపించేవారిలో ఒకడైన ఆల్బర్ట్ బల్లీన్‌కు చలికాలం వచ్చిందంటే తలనొప్పి. ఉత్తర అట్లాంటిక్ తుపాన్లకు జడిసి జనం ప్రయాణాలు మానుకునేవారు. కోట్లు పోసి కట్టిన ఓడలు పనిలేక పడి ఉండేవి. అలాంటి ఓడల్లో ఒకటైన ఆగస్టా విక్టోరియాను ఆయన 1891 జనవరి 22న 241 మంది ప్రయాణికులతో కుక్స్‌హాఫెన్ నుంచి మధ్యధరా సముద్రం వైపు పంపాడు, తనూ ఎక్కాడు. దాదాపు రెండు నెలల ఆ ప్రయాణం లాభసాటిగా తేలడంతో, 1900లో కేవలం విహారం కోసమే ప్రిన్సెసిన్ విక్టోరియా లూయిసె అనే ఓడను కట్టించాడు. టపా మోసే ఓడ ఎంత గాలివానలోనైనా గడువుకు న్యూయార్క్ చేరి తీరాలి. విహార ఓడ కోసం అవతలి ఒడ్డున ఎవరూ ఎదురుచూడరు. అందుకే దానికి దారి మార్చుకునే వెసులుబాటు ఉంది. బల్లీన్ అమ్మింది అసలు ఆ వెసులుబాటునే.

1891 నాటి ఆ ప్రయాణానికి 24 ఏళ్ల ముందే ఈ వెసులుబాటు విలువ ఒకసారి రుజువైంది. 1867 జూన్‌లో న్యూయార్క్ నుంచి బయల్దేరిన క్వేకర్ సిటీ అనే విహార ఓడ, బయట సముద్రం అల్లకల్లోలంగా ఉందని రేవు దాటకుండానే లంగరు వేసి రెండు రోజులు ఆగింది. మనిషికి 1,250 డాలర్లు కట్టినవాళ్లు ఇంకా ఊరు కనిపించే దూరంలోనే కూర్చున్నారు. ఆ ఓడలో ఉన్న మార్క్ ట్వేన్ 1869లో అచ్చువేసిన పుస్తకంలో ఆ కాలక్షేపమంతా నమోదైంది: సాయంత్రం ప్రార్థనలు, డామినోలు, ఉత్తుత్తి కోర్టు విచారణలు, మొదట్లో అందరూ ఉత్సాహంగా మొదలెట్టి తర్వాత వదిలేసిన డైరీలు. డెక్ మీద నాట్యం చేస్తుంటే ఓడ ఒరిగినప్పుడల్లా జంటలన్నీ ఒకవైపు కటకటాల దాకా జారిపోయి, మళ్లీ రెండోవైపుకు దొర్లుకొచ్చేవట. అజోర్స్ దీవుల్లో సావో మిగెల్‌కు వెళ్లాల్సిన ఓడ, మరో తుపాను రావడంతో దగ్గరున్న ఫయాల్‌కు తిరిగింది. అక్కడి గాడిదల సవారీ, భోజనం బిల్లు అక్కడి నాణెమైన రెయిస్‌లలో చూసి ఒకాయన గుండె జారిపోవడం పుస్తకంలో జనం గుర్తుపెట్టుకున్న ఘట్టాలయ్యాయి. అనుకున్న రేవు తప్పకపోతే అవి ఉండేవే కావు.

అదంతా ఆవిరి ఓడల నాటి ముచ్చట, ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి, ఊగకుండా ఆపే స్టెబిలైజర్లున్నాయి అని ఎవరైనా అనవచ్చు. 1936లో తొలి ప్రయాణం చేసిన క్వీన్ మేరీ ఓడ విపరీతంగా ఊగేది, 1958లో స్టెబిలైజర్లు బిగించాకే కుదుటపడింది. ఊగడం తగ్గిన మాట నిజం. దారి మారడం తగ్గలేదు, ఎందుకంటే తుపాను గురించి ఎంత ముందుగా తెలిస్తే అంత ముందుగా తప్పుకుంటారు. ఈ తప్పుకునే విద్యకు బంగాళాఖాతమే ఒక పాఠశాల. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ ఓడల లాగ్ పుస్తకాలు పోగుచేసి, 1839లో మన కోరంగిని ముంచిన తుపాను లాంటివాటిని పరిశీలించి, గాలి వీచే దిక్కును బట్టి తుపాను కేంద్రం ఎటుందో పోల్చుకునే పద్ధతిని 1848లో నావికుల కోసం పుస్తకంగా రాశాడు. పైగా నేటి ఓడలు పదిహేను, పద్దెనిమిది అంతస్తుల ఎత్తు. ఆ గోడంత పక్కభాగం గాలికి తెరచాపలా పనిచేస్తుంది. ఇరుకు రేవు ముఖద్వారంలో అది ప్రమాదం. సాంటోరిని లాంటి చోట ఒడ్డుకు చిన్న పడవల్లోనే వెళ్లాలి. అల లేచినప్పుడు పడవ పైకి, ఓడ మెట్టు కిందికి పోతుంటే, ఆ మధ్య ఖాళీ దాటబోయే వృద్ధుల కాళ్లు విరుగుతాయి. అలాంటప్పుడు రేవు మానుకోవడమే విజ్ఞత.

ఇంకో అభ్యంతరం దీనికన్నా గట్టిది. వాతావరణం కంపెనీలకు సాకుగా మారిందన్నది ఆ ఆరోపణ. రేవులో ఉన్నంతసేపూ సాధారణంగా సుంకం, జూదం నిబంధనల వల్ల మూసి ఉండే దుకాణాలు, క్యాసినో నడిసముద్రంలో తెరుచుకుంటాయి, కాబట్టి రేవు తప్పిన రోజు అక్కడ గల్లా నిండుతుంది. అయితే ఒడ్డు మీది విహారయాత్రలకు కట్టించుకున్న సొమ్ము వాపసు చేయాలి, బయట తినాల్సిన వేలమందికి మధ్యాహ్న భోజనం అప్పటికప్పుడు వండించాలి, ఈతకొలను ఖాళీ చేసి వల కప్పాలి, మర్నాటి కార్యక్రమాల కాగితం మళ్లీ అచ్చువేసి గదిగదికీ పంచాలి. లాభమంతా ఒకవైపే లేదు. అన్యాయమున్నది ఒప్పందంలో. క్వేకర్ సిటీ ప్రకటనలో ప్రయాణికులంతా ఏకగ్రీవంగా ఓటేస్తే దారి మార్చుకోవచ్చని రాసి ఉంది. నేటి టికెట్టులో ఆ హక్కు పూర్తిగా కంపెనీదే. 2013లో క్రూయిజ్ కంపెనీల సంఘం ప్రకటించిన ప్రయాణికుల హక్కుల పత్రం కూడా యంత్రం చెడి ప్రయాణం రద్దయితే లేదా మధ్యలోనే ముగిస్తేనే డబ్బు వాపసు అంటుంది. గాలివాన సంగతి అందులో చేర్చలేదు.

మూడువేల మంది ఓటేసి తుపానును ఎదుర్కోలేరు, కెప్టెన్ మాటే చెల్లాలి. అలాగని నష్టమంతా ప్రయాణికుడే భరించాలన్న నియమమేమీ లేదు. రేవుల పట్టిక పక్కనే, గాలి అనుకూలిస్తేనే అన్న షరతును సన్న అక్షరాల్లో దాచకుండా అచ్చువేయడం, తప్పిన రేవుకు టికెట్టులో కొంత తగ్గించడం ఈ వ్యాపారానికి భారం కాదు. చెడు వాతావరణం వల్ల పుట్టి, దాని మీదే బతుకుతున్న వ్యాపారం, దాని ఖర్చులోనూ వాటా మోయడమే న్యాయం.