స్ట్రీట్ ఫైటర్ 6
జపాన్ సంస్థ క్యాప్‌కామ్ 2023 జూన్ 2న విడుదల చేసిన పోరాట వీడియో గేమ్. దర్శకుడు తకయుకి నకయామా. మొదట 18 మంది యోధులతో వచ్చింది. వారిలో భారతీయ యోగి ధాల్సిమ్ ఒకడు.

ఆటకు ఆయువుపట్టు డ్రైవ్ గేజ్. ఆరు గడుల ఈ శక్తి రౌండు మొదట్లోనే నిండుగా ఉంటుంది. దాడికీ కాపుకీ దీన్నే ఖర్చుపెట్టాలి. దుబారా చేసి గేజ్ ఖాళీ చేశారా, బర్నౌట్! అప్పుడు గోడవారన ఇరుక్కుని ప్రత్యర్థి కొట్టే డ్రైవ్ ఇంపాక్ట్ అనే బలమైన దెబ్బను కాచుకున్నా స్పృహ తప్పుతుంది. చేతివేగం కన్నా ఈ పొదుపు లెక్కే చాలాసార్లు గెలుపోటములు తేలుస్తుంది. కొత్తవారికి మోడర్న్ కంట్రోల్స్ ఒక్క బటన్‌తో ప్రత్యేక విన్యాసాలు అందిస్తాయి. బదులుగా దెబ్బ బలం తగ్గుతుంది, కొన్ని మామూలు దెబ్బలు అసలు దొరకవు. ఆన్‌లైన్ పోటీలకు నెట్ జాప్యాన్ని కప్పిపుచ్చే రోల్‌బ్యాక్ పద్ధతి పెద్ద అండ.

చిరాకు పుట్టించేది త్రో లూప్. మూలకు నెట్టి విసిరేయడం, లేవగానే మళ్లీ విసరడం. తప్పించుకోవడం నైపుణ్యం కన్నా ఊహమీదే ఆధారపడుతుందన్న ఆటగాళ్ల ఫిర్యాదు సబబైనదే. డ్రైవ్ గేజ్ ఖర్చుతో ముందుకు దూసుకెళ్లే డ్రైవ్ రష్ దూకుడు కూడా కాచుకునేవాడికి ఊపిరి సలపనివ్వదు. అదనపు యోధులను విడిగా కొనుక్కోవాలి. తొలి విడతలో రషీద్, ఎ.కె.ఐ., ఎడ్ వచ్చాక, చివరగా 2024 మేలో అకుమా చేరాడు.