హానోవరు సోఫియా: ఆమె వంశవృత్తాంతము

ఐరోపాచరిత్రమున రాజుల పేళ్లు మిక్కుటముగాఁ గానవచ్చును గాని, రాజ్యములు ఒక వంశమునుండి వేఱొక వంశమునకు సంక్రమించుటకుఁ గారణభూతలైన స్త్రీల వృత్తాంతము సంగ్రహముగానే వ్రాయఁబడుచుండును. హానోవరు సోఫియా యట్టివారిలో నొకతె. ఆమె యే రాజ్యమును స్వయముగాఁ బాలింపలేదు. అయినను ఆమె జీవితకాలమున మూఁడు లిఖితపత్రములు ఆమె సంతతియొక్క భాగ్యమును నిర్ణయించినవి. ఒక్కొక్క పత్రము ఆమె కేమి యొసఁగెనో, యేమి హరించెనో విచారించిననే గాని యా వంశోన్నతి స్వరూపము బోధపడదు.

సోఫియా 1630 వ సంవత్సరము అక్టోబరు 14 వ తేదిని హాలండు దేశమందలి హేగునగరమున జన్మించెను. తండ్రి పలాటినేటు సంస్థానాధిపతి యైన అయిదవ ఫ్రెడరికు. తల్లి ఇంగ్లండురాజగు మొదటి జేమ్సు కూఁతురు ఎలిజబెత్తు. ఫ్రెడరికు 1619 లో బొహీమియా కిరీటము నంగీకరించి, మఱుసటియేఁట శ్వేతపర్వతయుద్ధమున నోడి, క్రొత్తరాజ్యమును పిత్రార్జితమును గూడఁ గోలుపోయెను. ఒక్క చలికాలము మాత్రమే యేలుటచే శత్రువు లాతనిని ‘హేమంతరాజు’ అని పరిహసించిరి. సోఫియా పుట్టునాఁటికి ఆ కుటుంబము పరులయాశ్రయమున నుండెను. పదుమువ్వురు బిడ్డలలో నామె పండ్రెండవది. రెండేండ్లు నిండినంతనే 1632 లో తండ్రి మరణించెను. బిడ్డలను తల్లి తనకు దూరముగా లైడెనునగరమునఁ బెంచించెను. తల్లికిఁ దమకంటెఁ గోఁతులును కుక్కలును ప్రియతరములని సోఫియా తరువాతికాలమున స్వీయచరిత్రమున వ్రాసికొనినది.

ఆ తోఁబుట్టువులు సామాన్యులు కారు. పెద్దయక్క ఎలిజబెత్తు, తత్త్వవేత్త యగు డెకార్టుతో ఉత్తరప్రత్యుత్తరములు నడపి, పిమ్మట హెర్‌ఫోర్డు మఠాధ్యక్షురాలయ్యెను. వేఱొక యక్క లూయీ హొలండీను చిత్రలేఖనమునఁ బ్రవీణురాలు. కాథలిక్కుమతము నవలంబించి ఫ్రాన్సునందు మఠాధ్యక్షురాలయ్యెను. అన్న రూపర్టు ఇంగ్లండు అంతర్యుద్ధమున రాజపక్షమున సేనాని. 1648 నాఁటి వెస్టుఫేలియా సంధిచేఁ బలాటినేటులోఁ గొంతభాగము పెద్దన్న కార్లు లూడ్విగునకు మఱల లభింపఁగా, సోఫియా 1650 లో హైడల్‌బర్గునఁ గల యన్నగారి యాస్థానము చేరెను.

మొదటి పత్రము వివాహసంబంధమైనది. బ్రున్‌స్విక్కువంశీయుఁడగు గేయోర్గు విల్‌హెల్ము ఆమెను వరించి, నిశ్చయమైన పిదప వెనుదీసెను. తనకు బదులుగాఁ గడగొట్టుతమ్ముఁడైన ఎర్నస్టు ఔగుస్టును వరునిగాఁ జూపి, తాను వివాహమాడక తన భాగము తమ్ముని సంతతికే విడుతునని 1658 లో వ్రాసియిచ్చెను. ఆ యేఁడు సెప్టెంబరులో వివాహము జరగెను. అవమానమున కీ పత్రము పరిహారముగా నుండవలసినది. కాని గేయోర్గు విల్‌హెల్ము కొన్నియేండ్లకు ఎలియొనోరు అను ఫ్రెంచివనితతో సహజీవనము చేసి, 1676 లో నామెను ధర్మపత్నిగా స్వీకరించెను. సోఫియా యామెను హీనకులజగాఁ దలఁచి మనసార నిరసించెను. అయినను భూములు చీలిపోకుండుటకై ఎలియొనోరు కూఁతురు సోఫియా డొరొతియానే 1682 లో తన జ్యేష్ఠపుత్రుఁడు గేయోర్గు లూడ్విగునకుఁ జేసికొనవలసివచ్చెను. ఆ దాంపత్యము 1694 లో విడాకులతో ముగిసెను. కోడలు 1726 లో మరణించువఱకు ఆల్‌డెను కోటలో నిర్బంధమున నుండెను.

రెండవ పత్రము జ్యేష్ఠాధికారశాసనము. అంతకుముందు సోదరులు రాజ్యమును పంచుకొనుట యా వంశాచారము. ఎర్నస్టు ఔగుస్టు దానిని మాని, జ్యేష్ఠునికే సర్వమును చెందునట్లు శాసించి, 1683 లో చక్రవర్తి యనుమతిని బడసెను. రాజ్యము చీలనందుననే 1692 లో హానోవరునకు ఎలెక్టరుపదవి లభించెను. కాని కనిష్ఠులు సహింపరైరి. ఫ్రెడరికు ఔగుస్టు దీని నంగీకరింపక తండ్రికి దూరమయ్యెను. మాక్సిమిలియను కుట్రలోఁ జిక్కి నిర్బంధితుఁడయ్యెను. సహాయుఁడైన మోల్ట్‌కె 1692 లో శిరశ్ఛేదమునకు గుఱియయ్యెను. తల్లిమనస్సు కనిష్ఠులపక్షముననే యుండెను. 1690 ప్రాంతమున ఫ్రెడరికు ఔగుస్టు, కార్లు ఫిలిప్పు అను నిరువురు పుత్రులు తురుష్కులతోడి యుద్ధములలోఁ గూలిరి. క్రిస్టియను 1703 లో డాన్యూబునదిలో మునిఁగి చనిపోయెను. వంశమును పెంచిన శాసనమే యింటిని చీల్చినది.

ఈ దుఃఖములనడుమ నామెకు విద్యాగోష్ఠి యూఱటయయ్యెను. 1676 నుండి హానోవరు కొలువున నుండిన లైబ్నిట్సు ఆమెకుఁ జిరమిత్రుఁడు. లోకమున సర్వథా సమానమైన వస్తువులు రెండుండవని యాతని సిద్ధాంతము. హెర్రెన్‌హౌసెను తోఁటలో నొకఁడు దీని నాక్షేపింపఁగా, సమానమైన యాకులు రెండు తెమ్మని సోఫియా యతనికి సవాలు విసరెను. అతఁడు చాలసేపు తోఁటయంతయు వెదకియు విఫలుఁడయ్యెను. ఈ సంగతి లైబ్నిట్సే తన లేఖలోఁ దెలిపియున్నాఁడు. ఆమె కూఁతురు సోఫీ షార్లొట్టు 1701 లో ప్రష్యాకుఁ బ్రథమరాజ్ఞి యయ్యెను. 1705 లోఁ దల్లికంటె ముందే మరణించెను.

మూఁడవ పత్రము ఇంగ్లండు పార్లమెంటు 1701 లోఁ జేసిన వారసత్వశాసనము. ఆనీ రాకుమారి పుత్రుఁడు 1700 లో పదునొకండేండ్ల ప్రాయమున మరణింపఁగాఁ బ్రొటెస్టంటు వారసులు కఱవైరి. వరుసలో ముందున్న కాథలిక్కులు ఏఁబదిమందికిఁ బైగాఁ దొలఁగింపఁబడి, మొదటి జేమ్సు దౌహిత్రి యగు సోఫియాయు నామె ప్రొటెస్టంటు సంతతియు వారసులుగా నిర్ణయింపఁబడిరి. అప్పటి కామెకు డెబ్బదియేండ్లు.

1714 జూను 8 వ తేదిని తనకుఁ బ్రియమైన హెర్రెన్‌హౌసెను తోఁటలో నడచుచుండఁగా నామె కుప్పకూలి మరణించెను. వయస్సు ఎనుబదిమూఁడేండ్లు. ఆంగ్లేయులు పాతపంచాంగము ననుసరించి ఆగస్టు 1 అని వ్రాయు దినమున, అనఁగా క్రొత్తపంచాంగమున 12 వ తేదిని, ఆనీ రాణి గతించెను. రెండునెలల యంతరముచే సోఫియాకుఁ దప్పిన కిరీటము, మొదటి జార్జి యను పేర గేయోర్గు లూడ్విగునకుఁ జెందెను. ఆమె మునిమనుమని కుమారుఁడగు మూఁడవ జార్జి కాలమున, 1765 లో, ఉత్తరసర్కారులను గుఱించిన ఢిల్లీ ఫర్మానా ఈస్టిండియా కంపెనీకి లభించెను; ఇట్లు తెలుగుదేశచరిత్రమునకును ఆ వంశముతో సంబంధము గలిగినది. పరాశ్రయమునఁ బుట్టిన పండ్రెండవబిడ్డ రాజవంశమునకు మూలమయ్యెను. కాని మూఁడు పత్రములలో నే యొక్కటియు నామెకుఁ గన్నీటివెల లేక సంక్రమింపలేదు.